ఫినాయిలక్క చెప్పిన ఆమేన్

ఆ ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో ఇరవై మూడేళ్లుగా ఆయాగా చేస్తున్న ఆవిడను అందరూ ఫినాయిలక్క అనేవారు. మనిషి కంటే ముందు వాసన వచ్చేది. నోరు కాస్త పెద్దది. దుప్పటి మార్చబోతే కదలనని మొండికేసినవాళ్లను "ఏంటమ్మా, పరుపుకు అతుక్కుపోయావా?" అని కసిరేది. పుండ్లు పడ్డ వీపు కింద చెయ్యి వేసేటప్పుడు మాత్రం పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తేది.

కిటికీ పక్క మంచంలో ఒక రిటైరైన టీచరమ్మ చేరింది. ఎముకలకు పాకిన జబ్బు. కూతురు ఉద్యోగం ముగించుకుని సాయంత్రం ఆరింటికి గానీ రాలేకపోయేది. టీచరమ్మ రోజూ నాలుగింటికి పైకే ప్రార్థన చేసుకునేది. మొదటి రోజే, నేల తుడుస్తున్న ఆయాను పిలిచింది.

"చివర్లో ఆమేన్ అను."

"నేను మీ మతం కాదు కదా టీచరమ్మా."

"మతం కాకపోతే నోరు లేదా?"

నోటి సంగతెత్తితే ఊరుకునే మనిషా? "ఆమేన్!" అంది వార్డు దద్దరిల్లేలా. మంచాల మీదున్నవాళ్లంతా నవ్వారు. అప్పటి నుంచి అది రోజువారీ పని అయింది.

నెల తిరిగాక ఆయా అడిగింది, "ఇంతకీ ఆ మాటకు అర్థమేంటి?"

టీచరమ్మ పాఠం చెప్పినట్టే చెప్పింది. "పాత హీబ్రూ మాట. నిజం, గట్టిది, నమ్మదగినది అని. ప్రార్థన చివర అన్నావంటే, అలాగే జరగాలి, నాదీ అదే మాట అని ఒప్పుకున్నట్టు."

"అమ్మో! నెల్లాళ్లుగా దేనిదేనికి ఒప్పుకున్నానో!"

తర్వాతి వారం నొప్పి తిరగబెట్టింది. ఆ రోజు టీచరమ్మ ప్రార్థన ఒక్క ముక్కే. "ప్రభువా, చాలు. నన్ను తీసుకుపో."

ఆయా నేల తుడుస్తూనే ఉంది.

"ఆమేన్ ఏదే?"

"అనను. నాదీ అదే మాట అని అర్థం చెప్పింది మీరే. నాది ఆ మాట కాదు."

టీచరమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు తనే మొదలుపెట్టింది. "ప్రభువా, ఈ మొండిఘటం మోకాళ్ల నొప్పులు తగ్గించు." ఆయా ఆపుకోలేక నవ్వింది. ఆమేన్ రెండుసార్లు అంది.

జబ్బు మాత్రం ఆగలేదు. మందుల పట్టు గంటసేపు కూడా నిలవలేదు. గొంతు పడిపోయింది. ఒక రోజు నాలుగింటికి పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఆయా వంగి చెవి దగ్గరగా పెట్టింది. "చాలు" అని మాత్రం వినబడింది.

ఆయా తుడిచే కర్ర గోడకు ఆనించింది. చేతులు కడుక్కుని వచ్చి, రోగుల మంచాల మీద కూర్చోకూడదన్న రూలు తెలిసీ, ఆ మంచం అంచున కూర్చుంది. నర్సు చూసి పక్క మంచం వైపు వెళ్లిపోయింది.

"ప్రభువా..." ఆపైన ఏమనాలో తెలియలేదు. "ఈ తల్లి అలిసిపోయింది. నొప్పి లేకుండా తీసుకుపో."

ఈసారి ఆమేన్ టీచరమ్మ పెదాల మీద కదిలింది. కాసేపటికి ఆయా కూడా అంది, ఎవరికీ వినపడనంత మెల్లగా.

మూడో రోజు పొద్దున కూతురు చెయ్యి పట్టుకుని ఉండగానే టీచరమ్మ పోయింది.

దుప్పట్ల గదిలో ఆయా ఏడుస్తూ కూతురికి దొరికింది. "ఆవిడ పక్కన కూర్చుని, తీసుకుపొమ్మని నేనే ప్రార్థన చేశానమ్మా. ఒప్పుకున్నాను. అందుకే పోయింది."

కూతురు ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. "వారం నుంచి నేనూ మనసులో అదే అడుగుతున్నాను పిన్నీ. పైకి అనడానికి నోరు రాలేదు. అమ్మ పక్కన కూర్చుని మీరు అన్నారు."

ఇద్దరూ చాలాసేపు లేవలేదు. వార్డులోంచి ఎవరో ఆయాను పిలిచేదాకా.