నోటీస్ అంటే గమనించడం

"తాతా, నోటీస్ అంటే ఏంటి?" అని మునిమనవరాలు ఇంగ్లిష్ పుస్తకం పట్టుకొచ్చింది. మన ఈడువాళ్లకు గుర్తుందా, బడిలో పంతులు చెప్పింది? ఊరికే కంటపడితే 'సీ', మనసుపెట్టి గమనిస్తే 'నోటీస్'.

పంతులు అది చెప్పిన రోజు సాయంత్రమే బేగంబజార్‌లోని మా ఇంట్లో, పొగలో పాలు కాస్తున్న అక్క పక్కనే ఉన్న ఇత్తడి చెంబు కోసం నేలంతా తడమడం గమనించాను.

"బాపూ, అక్కకు కండ్లు కనిపిస్తలేవు!"

"నోర్ముయ్! బయట తెలిస్తే దానికి పెండ్లయితదా?"

చూపు పూర్తిగా పోయాకే హకీం దగ్గరికి తీసుకెళ్లారు. ముందే తెస్తే నయమయ్యేదన్నాడాయన.

"మాకేం తెల్వలే సాబ్," అన్నాడు బాపు.

నేను నోరు తెరవబోతే, వద్దన్నట్టు అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె బాపును క్షమించిందేమో. నేను క్షమించలేదు.