గడప మీది పేరు

భ్రమరాంబగారికి అక్షరాలు నేర్పింది భర్త కాదు. నేర్పాడనడం అబద్ధం. మొన్న తెనాలిలో ఆ పెద్ద రచయిత్రికి సన్మానం చేసి, ఆమె ఎదుటే ఆ అబద్ధం మళ్ళీ చెప్పారు. "పదకొండేళ్ళ పసిపిల్లను పెళ్ళాడి, పలకా బలపం చేతికిచ్చి, ఇంతటి రచయిత్రిని చేసిన మహానుభావుడు!" అని వక్త అంటుంటే హాలంతా చప్పట్లు. అంతకుముందే ఆమెకు ఎర్రనీళ్ళతో దిష్టి తీశారు. పసుపూ సున్నం కలిసిన ఆ వాసన ముందు వరసలో ఉన్న నాకు తగులుతూనే ఉంది. ఒళ్ళు మండి లేచాను. "కాదండీ" అన్నాను. "కూర్చో తాతా, టిఫిన్లు మీటింగయ్యాకే" అన్నాడొక కుర్రాడు. అందరూ నవ్వారు.

అసలు సంగతి ఆ వాసనలోనే జరిగింది. పెళ్ళయి ఆమె రేపల్లెలో అత్తవారి గడప ముందుకు వచ్చినప్పుడు ఆడబిడ్డలు అడ్డం నిలబడి, "మొగుడి పేరు చెప్పు, లేకపోతే లోపలికి రానివ్వం" అన్నారు. అది వేడుక. కానీ భర్త పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నాయనమ్మ ఆ పిల్లను భయపెట్టి పంపింది. చెప్పకపోతే లోపలికి రానివ్వరు, చెబితే ఆయనకేమవుతుందో! ఆ పిల్ల ఎర్రనీళ్ళ పళ్ళెంలో వేలు ముంచి, వంగి, గడప మీద ఆయన పేరు రాసింది. అత్తగారు గుండెలు బాదుకుంది. "రాతలొచ్చిన పిల్లనా మనకు అంటగట్టారు! తుడవండే!" తడిగుడ్డ పెట్టి తుడిచింది ఆ ఇంట్లో పనిచేసే మా అమ్మ. "ముత్యాల్లా ఉన్నాయిరా. చదవడం రాకపోయినా తుడవబుద్ధి కాలేదు" అని పోయేదాకా చెప్పింది. పుట్టింటి దగ్గర బడిలో రాత నేర్చుకున్న ఆ పిల్లను ఆ తరువాత మళ్ళీ బడి గడప తొక్కనివ్వలేదు.

నాకూ బడి లేదు. రేపల్లెలో రిక్షా తొక్కుతున్న వయసులో ఒకరోజు ఆమెను స్టేషనుకు తీసుకెళ్ళాను. అప్పటికే ఆమె కథలు అచ్చవుతున్నాయి.

"సాంబా, ఆ బోర్డు మీద ఏముందిరా?"

"నాకేం తెలుసండి. ఏదో ఊరి పేరు."

"ఏదో ఊరా! నువ్వు పుట్టిన ఊర్రా అది."

సిగ్గుతో తల దించుకున్నాను. తెనాలి రైలు వచ్చేలోగా ఆ మూడక్షరాలూ నేర్పింది. "ఆ చివరి అక్షరం కింద ఇంకో 'ల' ఉంది చూడు, అది ఒత్తు. నీ రిక్షా చక్రంలాగా కింద ఉండి మోస్తుంది" అంది. అక్కణ్ణుంచి బోర్డులు, పొట్లాం కాగితాలు, ఆమె కథలు, దొరికిందల్లా చదువుకున్నాను. ఇప్పటికీ ఏ బోర్డు చూసినా నా కన్ను ముందు ఒత్తు మీదకే పోతుంది.

సన్మానం మర్నాడు బాపట్లలో ఆమె ఇంటికి వెళ్ళాను. "వాళ్ళంతలేసి మాటలంటుంటే మీరు నోరు మెదపరేంటండి?" అని అడిగాను. ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నే. ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఈసారి నవ్వలేదు.

"ఆయన నేర్పాడని చెప్పుకుంటేనే ఆ ఇంట్లో నన్ను కలం పట్టనిచ్చార్రా. నా రాతంతా ఆయన గొప్పేననుకున్నారు, అందుకే ఎవరూ తుడవలేదు. ఇప్పుడు తుడిచేవాళ్ళు లేరు. వెళ్ళి చెప్పు."