పిల్ల బరువు

నవంబరు మొదటి ఆదివారం. పొద్దున ఆరింటికి ఫోను మోగింది. తాండూరు అత్త పేరు కనబడగానే నవ్వుకున్నాను. ఆ వేళకు ఫోను చేసి "లేచినవా?" అని అడిగేది ఆమె ఒక్కతే. కానీ వినబడింది ఆమె కొడుకు, మా బావ గొంతు. "అమ్మ పోయింది. జల్ది రా," అన్నాడు.

ఆ మేనత్త గురించి మీకు చెప్పాలి. ఐదో తరగతి నుంచి హాస్టళ్లలో పెరిగిన నేను, మా ఇంట్లో పిల్లలను ఊయలలో వేసే తొట్టెలలూ, పెండ్లిళ్లూ ఫోటోల్లోనే ఎక్కువ చూశాను. ఇప్పుడు వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. మీ ఇంటి ఆచారాలను బయటివాళ్లలా గమనించి రాయమని ఈ ఏడాది మా సారు చెప్పారు. సులువే అనుకున్నాను, ఎలాగూ బయటిదాన్నే కదా. కొత్త నోటుబుక్కు కొని తాండూరు రైలెక్కాను.

సంగతి విని అత్త, "బయటి కండ్లతోని చూస్తవా? చూడు బిడ్డా. కాళ్లు మాత్రం కడుక్కొని రా," అంది.

అత్త వాళ్ల వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా ఆమెకు పిలుపు వచ్చేది. ఊయలపాట తెలుగులో ఎత్తుకుని, మధ్యలో కన్నడంలోకి పోయి, ఎక్కడా తడబడకుండా తిరిగొచ్చేది. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే ఖాలా కూడా పని ఆపి వినేది.

శ్రావణంలో బావ కూతురికి తొట్టెల చేశారు. ఆడవాళ్లు తొట్టెకు అటూ ఇటూ నిలబడి పాపను తొట్టె కిందినుంచీ పైనుంచీ చేతులు మారుస్తున్నారు. ఎన్నిసార్లో నేను లెక్క రాసుకుంటున్నాను. నా వంతు వచ్చేసరికి ఒక చేతిలో పెన్ను, ఇంకో చేతిలో నోటుబుక్కు. పాట ఆగిపోయింది. పాపను కూడా పేజీలోనే పడుకోబెడుతుందేమోనని ఎవరో అంటే అందరూ నవ్వారు. అత్త నా నోటుబుక్కు లాక్కుని చంకలో పెట్టుకుంది, పెన్ను తన కొప్పులో గుచ్చుకుంది. నేను వంగి పాపను అందుకున్నాను. పాలవాసన, వెచ్చని మెడ.

సాయంత్రం అత్త నేను రాసింది చదివించుకుంది. 'శిశువును పరస్పరం అందించుకుంటారు' అన్న వాక్యం దగ్గర ఆపింది.

"మస్తుగున్నది. గని పిల్ల బరువేది గిండ్ల?"

ఆ వాక్యం కొట్టేశాను. కొత్తది ఇంకా దొరకలేదు. దొరికాక మొత్తం చదివి వినిపిస్తానన్నాను. వినిపించలేదు.

మరోసారి, మనిషి పోయిన మూడోరోజు పిట్టకు అన్నం పెట్టడం గురించి అడిగాను. వచ్చే పిట్ట నిజంగా పోయిన మనిషేనా అని. ఆమె చాటలో కందులు చెరుగుతూ, "నాకేమెరుక? గని గా పిట్ట వచ్చేదాంక ఇంటోళ్లందరం ఒక్కదిక్కే చూస్తం, కొట్లాడకుంట. గది చాలదా?" అంది. ఎన్ని పుస్తకాలు తిప్పినా నాకు ఇంత మాట దొరకలేదు.

ఈరోజు సోమవారం. ఆమె గదిలో అద్దం గూట్లో, జడపిన్నుల మధ్య నా పెన్ను కనబడింది. తీసుకోలేదు. ఇది బావ పెన్నుతో రాస్తున్నాను.

రేపే మూడోరోజు. ఆమెకు ఇష్టమైన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పెట్టిన విస్తరిని నన్నే తీసుకురమ్మన్నాడు బావ. నోటుబుక్కు ఆ గూట్లోనే, పెన్ను పక్కన పెడతాను. పొద్దున్నే కాళ్లు కడుక్కుని, విస్తరిని రెండు చేతులతో పట్టుకుని, అందరూ చూసే దిక్కే చూస్తాను.