మూడో చెరువు మేత

ఆ రోజుల్లో మా కృత్తివెన్ను వైపు మనిషి కడుపు గురించి మాట్లాడిన పాపాన ఎవడూ పోలేదు. మాటలన్నీ రొయ్య కడుపు గురించే. తొంభైల మొదట్లో వరి చేలు వరసపెట్టి చెరువులైపోతుంటే, ఆ ఊపులో నేనూ రెండు రొయ్యల చెరువులకి కాపలాగా కుదిరాను. ముప్ఫై నిండనివాణ్ని, చదువు సున్నా (అక్షరాలు నలభై దాటాక దిద్దాను, అందుకే ఇప్పుడు ఆపమన్నా ఆపకుండా రాస్తున్నాను). పని మాత్రం బాగా వచ్చు. మేత వేసిన కాసేపటికి నీళ్ళలో దించిన చెక్ ట్రే పైకి తీసి, మేత మిగిలిందేమో చూడాలి. అందులోకి ఎక్కిన రొయ్యని వెలుతురుకి ఎత్తిపట్టి, వీపులో నల్లటి గీతలా కనిపించే పేగు నిండుగా ఉందో లేదో చూడాలి. గీత తెగిందంటే రొయ్య సరిగ్గా తినడం లేదని అర్థం, ఆ పూట మాకెవరికీ ముద్ద దిగేది కాదు. రాయడం రాదు కాబట్టి, వేసిన ప్రతి మేతకీ గట్టు మీద మేముండే షెడ్డు గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసేవాణ్ని. రెండు చెరువులకి రెండు వరసలు.

ఇంత తెలిసినవాణ్ని నేను తినేదేమిటంటే, పొద్దున బజ్జీలు, మధ్యాహ్నం కోడిగుడ్ల వేపుడు, సాయంత్రం సెంటర్లో పరోటా. షెడ్డులో అందరికీ వండిపెట్టే ఒకావిడ ఉండేది. ఏ వరసా లేకపోయినా అందరం అత్తా అనే పిలిచేవాళ్ళం. ఆవిడ తోటకూర వండితే, ఆకులు మేకలు తింటాయని పక్కకి నెట్టేవాణ్ని. చుట్టూ నీళ్ళే అయినా మంచినీళ్ళు తాగేవాణ్ని కాదు (బిందె నాలుగడుగుల దూరంలో ఉండేది, అదీ కారణం).

వల లాగి రొయ్యలు పట్టే పట్టుబడికి ఇంక పది రోజులుందనగా నా కడుపు బిగుసుకుపోయింది. ఒకరోజు కాదు, నాలుగు రోజులు. చెంబు పట్టుకుని సర్వితోపులోకి వెళ్ళడం, వెళ్ళినవాణ్ని వెళ్ళినట్టే తిరిగి రావడం. కూర్చుంటే లేవలేను, లేస్తే వంగలేను. చెరువుల రైతుగారు వచ్చి నా వాలకం చూశారు. "వల ముందు తాడు పట్టాల్సినవాడివి, ఇట్టా మూలుగుతుంటే ఎట్టా? ఆ రోజుకి వంగి లాగితే ఉండు. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా" అని చెప్పి వెళ్ళిపోయారు. నేను లేకపోతే రొయ్య మేత ముట్టదని ఊళ్ళో అందరికీ చెప్పుకుని వచ్చినవాణ్ని, ఇప్పుడు ఏ మొహంతో తిరిగి వెళ్ళను?

అత్త పొయ్యి దగ్గర్నుంచే అంది. "అల్లుడూ, రొయ్య పేగు రోజుకి నాలుగుసార్లు చూస్తావు. నీకూ ఒకటుందని ఎప్పుడైనా అనుకున్నావా?"

"దానికైతే మేత సంచుల్లో వస్తది అత్తా."

"నీకు నా చేతిలో వస్తది. నోరు మూసుకుని తిను."

ఆ రోజు నుంచి నేనూ ఆవిడ లెక్కలో ఒక చెరువునే. రోజుకి నాలుగు మేతలు. పొద్దున్నే పల్చటి మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ. కాసేపటికి ఉడకబెట్టిన అలసందలు. మధ్యాహ్నం దంపుడు బియ్యం అన్నంలో నేను మేకలకి వదిలేసిన తోటకూర, అరటిదవ్వ పెరుగుపచ్చడి. సాయంత్రం బొప్పాయి ముక్కలు. ప్రతిదాని వెనకా చెంబెడు నీళ్ళు. తిన్నాక నా కంచం లాక్కుని, వెలుతురుకి ఎత్తి, అచ్చం చెక్ ట్రే చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసేది. ఏమీ మిగలకపోతే గోడ మీద మూడో వరసలో ఒక గీత గీసేది. మొదటిరోజు ఏడుస్తూ తిన్నాను. మూడోరోజుకి, చెరువు నీళ్ళు చిలికే ఏరియేటరు కడుపులో తిరుగుతున్నట్టు ఒకటే గుడగుడ.

నాలుగోరోజు రొయ్యల ఆరోగ్యం చూసే టెక్నీషియన్ గారు బందరు నుంచి వచ్చి గోడ చూసి ఆగిపోయారు. "ఇన్నాళ్ళూ రెండు చెరువులే అన్నారు. ఈ మూడోది బ్రహ్మాండంగా మేత లాగుతోందే, ఎక్కడుందమ్మా?" అని అడిగారు.

అత్త తలెత్తలేదు. "అదుగోండి, గట్టు మీద కూచుని పొట్ట నిమురుకుంటంది. పేగు ఇంకా కదల్లేదండి, చూస్తన్నాం."

ఆరోరోజు తెల్లారగట్ల కదిలింది. అంతకంటే వివరం అక్కర్లేదు. తోపులోంచి తిరిగొస్తుంటే గట్టు మీద నా నడకే వేరు. ఖాళీ చెంబుని కబడ్డీలో గెలిచిన కప్పులా పైకెత్తాను. షెడ్డు ముందు పళ్ళు తోముకుంటున్నవాళ్ళంతా నోట్లో నురగతోనే ఈలలు వేశారు. అత్త మాత్రం చద్దన్నం కంచం ముందుకు జరిపి, "మేత ఆపితే మళ్ళీ మొదటికొస్తది" అంది.

మర్నాడు పట్టుబడి. ముందు తాడు నాదే. నడుం వంచి లాగితే వెనక పట్టినవాళ్ళు నెమ్మదిగా లాగమని మొత్తుకున్నారు. రైతుగారు గట్టు మీద నిలబడి, వీడికేం పెట్టావమ్మా అని అత్తని అడిగారు.

"మీరు రొయ్య మీద పెట్టే శ్రద్ధలో పావు వంతండి."

ఆయన నా ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. రోజూ గ్యాసు బిళ్ళలు చప్పరించే టెక్నీషియన్ గారైతే, పట్టుబడికని వచ్చి, ఆ మధ్యాహ్నమే కంచం పట్టుకుని పొయ్యి దగ్గర చతికిలబడ్డారు. గోడ మీద నాలుగో వరస మొదలైంది.

ఇప్పుడు నాకు అరవై దాటింది. మా ఇంట్లో గోడలకి తెల్లరంగు వేశారు, బొగ్గు పట్టుకుంటే ఊరుకోరు. అందుకని తోటకూరతో తిన్న పూట కంచం ఎత్తి కిటికీ వెలుతురుకి తిప్పి చూసుకుంటాను. అత్త ఉంటే ఒక గీత గీసేది కదా అనిపిస్తుంది. ఖాళీ కంచంలో ఏం కనపడుతుందని అట్టా చూస్తారని మా ఆవిడ విసుక్కుంటుంది.

"ఏమీ లేదు. అదే చూస్తున్నా" అంటాను.