కళ్యాణి పెట్టిన బటన్లు

కోరుట్ల బస్టాండు దాటాక సందులో ఉన్న స్టూడియో బోర్డు మీద జైపాల్ పేరే ఉంటుంది. కానీ జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ ఫోటోగ్రాఫర్‌ని అడిగినా అది కళ్యాణి స్టూడియోనే.

జైపాల్ ఫోటోలు తీయడంలో మొనగాడు. పెండ్లిలో అందరి కెమెరాలూ తలంబ్రాల వైపు తిరిగితే, అతను పందిరి గుంజ చాటున కళ్ళు తుడుచుకునే మేనమామను పట్టుకుంటాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం బిత్తరపోతాడు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ తెరిస్తే చాలు, ఎడమన గుర్తులు, కుడిన డబ్బాలు, ఏది నొక్కినా లోపల ఇంకో సంసారం.

"గిన్ని ఎందుకే గీంట్ల? ఏది నొక్కితే ఏం పోతదో అని భయమైతది" అనేవాడు.

"పెండ్లిల ఊరంతటిని నిలవెట్టి ఫోటో తీస్తవ్, గీ గుర్తులకు భయపడ్తవా?" అని కళ్యాణి నవ్వేది.

ఆమె బోయినపల్లి దగ్గరి కూలి ఇంటి పిల్ల. తల్లి చిన్నవ్వ నాట్లకూ కలుపుకూ పోయి డిగ్రీ చదివించింది. ఆ తర్వాత కళ్యాణి సిరిసిల్లలో ఫ్లెక్సీలూ పెండ్లి కార్డులూ చేసే షాపులో పనికి కుదిరింది. స్టూడియో బోర్డు చేయించుకుందామని జైపాల్ అక్కడికే వెళ్ళాడు. అతను తెచ్చిన సొంత ఫోటో చూసి, "ఫోటోగ్రాఫరువై ఉండి నీ ఫోటో గింత అధ్వానంగ ఉన్నదేంది?" అంది కళ్యాణి. వాళ్ళ పెండ్లి మాటలు అక్కడే మొదలయ్యాయి.

పెండ్లయ్యాక అతను తీసేవాడు, ఆమె దిద్దేది. ఆమె కిడ్నీలు చెడిపోయి డయాలసిస్‌కి జగిత్యాల తిరగడం మొదలయ్యాక ఆ లెక్క తప్పింది. ఒక రోజు మంచం మీద నుంచే అడిగింది:

"నువ్వు నిజంగ వాడేటియి ఎన్ని పనులు? ఎండ తగ్గిచ్చుడు, మొకం తెల్లగ చేసుడు, ఎనుక గోడ తీసుడు... గంతే గదా?"

"గంతే."

"అయితే గవ్వే ఉంచుత. మిగిలినయన్ని దాచిపెడ్త. లేవనుకో."

ఒక్కో పనికి నొక్కాల్సినవన్నీ వరుసగా రికార్డు చేసి, ఒక్క నొక్కుకే అన్నీ జరిగేలా ఒక్కో బటన్‌కు కట్టింది. తెర మీది ఇంగ్లీషంతా మాయమై, ఓ మూలన పెద్ద పెద్ద తెలుగు బటన్లు మిగిలాయి: 'ఎండ తగ్గియ్యి', 'పెండ్లి తెలుపు', 'కండ్లు తేట', 'గోడ తీసెయ్'. జైపాల్ మొదటిసారి ఒంటరిగా ఆల్బమ్ చేశాడు. చేసి, సేవ్ చేయడం మరిచాడు. కరెంటు పోయింది. మల్లాపూర్ పెండ్లి మొత్తం మళ్ళీ మొదటి నుంచి.

"నీకు సేవ్ చేసుడు గుర్తుండది" అంటూ కళ్యాణి ప్రతి బటన్ చివరా ఇంకో పని కలిపింది. పని కాగానే బటనే సేవ్ చేసి, ఫోటో మూసేస్తుంది.

సిరిసిల్ల ఫోటోగ్రాఫర్ ఎల్లేశం అది చూసి వదల్లేదు. "వదినా, అన్నకే పెట్టిచ్చినవా? మేమేం పాపం చేసినం?"

"అన్నకు తెలివి తక్కువని పెట్టిన. నీకు గూడ తక్కువనేనా?"

"తక్కువనే వదినా, శానా తక్కువ. జర పెట్టియ్యి!"

అట్లా ఆ బటన్లు కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల మూడు ఊళ్ళూ తిరిగాయి. కళ్యాణి మాత్రం ఈ వానాకాలం దాటలేదు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు ఫ్రేమ్ కట్టిన ఫోటో కావాలి. ఇంత మంది ఫోటోలు దిద్దిన మనిషికి తనదంటూ సరైన ఫోటో లేదు. పెండ్లి ఆల్బమ్‌లో పౌడర్ మొహం. ఫోన్లో తీసినవన్నీ ఫోనే తెల్లగా చేసి పెట్టింది. ఒక్కటే ఉంది. ఒంట్లో కాస్త బాగున్న పూట, కిటికీ దగ్గర, జడలో పెన్ను గుచ్చుకుని, "నన్నెందుకు తీస్తున్నవ్, పో" అని కసురుతుంటే జైపాల్ తీసింది. నల్లటి చెంప మీద కిటికీ వెలుతురు, మూతి మీద సగం నవ్వు.

ఆ ఫోటో తెరిచాడు. కొంచెం ఎండ తగ్గిద్దామనుకున్నాడు. కానీ ఏ మొహం తెరిచినా ముందు అతని వేలు పోయేది 'పెండ్లి తెలుపు' మీదికే. తెల్లగా లేకపోతే గిరాకీలు ఊరుకోరు కదా. అలవాటు చొప్పున వేలు అక్కడికే పోయింది. రెప్పపాటులో మొహం తెల్లబడింది, సేవ్ అయింది, మూసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే తెల్లటి మొహమే. వెనక్కి తెచ్చే దారి లేదు.

పక్కన కూర్చున్న చిన్నవ్వ తెరలోకి తొంగి చూసింది.

"గీమె ఎవరు కొడుకా?"

"కళ్యాణే, అత్తమ్మా."

"నా బిడ్డ నల్లగుంటది. పొలం గట్టు మీద పండవెట్టి పెంచిన పిల్ల. గీ రంగు దానికి ఏడికెల్లి అచ్చింది?"

 జైపాల్ ఫోన్ చేస్తే ఎల్లేశం పరుగున వచ్చాడు. కెమెరా కార్డు వెతికాడు. దాని మీద పెండ్లి మీద పెండ్లి ఎక్కి పాతవన్నీ చెరిగిపోయాయి. కంప్యూటర్ వెతికాడు. పాత పెండ్లిళ్ళన్నిటి పక్కనా 'అసలు' అని ఒక ఫోల్డర్ ఉంది. లోపల ముట్టుకోని ఫోటోలు.

"అన్నా, గియ్యెవరు తీసిపెట్టిండ్రు?"

"నాకు తెల్వది."

"వదిననే. ఫోటో దిద్దకముందుకే కాపీ తీసి పెడుతుండె."

ఆమె మంచం పట్టిన తర్వాతి పెండ్లిళ్ళకు 'అసలు' లేదు. కిటికీ ఫోటో కూడా ఆ రోజులదే, కంప్యూటర్‌లోకి ఎక్కించింది జైపాలే. ఆ కాపీ పని కళ్యాణి ఎవరికీ చెప్పకుండా తన చేత్తో చేసింది. అందుకే ఏ బటన్‌లోనూ లేదు.

జైపాల్ ఆమె దాచిన గుర్తులన్నీ బయటికి తీశాడు. భయపడ్డ డబ్బాలన్నీ ఒక్కొక్కటే నొక్కుతూ ఆ మొహాన్ని నలుపు చేయాలని చూశాడు. నల్లగా అయితే అయింది. చెంప మీది వెలుతురు మాత్రం రాలేదు. ఫ్రేమ్‌లో అదే పెట్టారు. కూడికలో చిన్నవ్వ కొంగుతో అద్దం తుడిచి, "నా బిడ్డకు గింతన్న దగ్గరికచ్చింది" అంది. ఆ మాటకి జైపాల్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

తర్వాతి పెండ్లి ఫోటోలు వచ్చినప్పుడు అతను ముందు ఒక కొత్త బటన్ చేశాడు. తన చేత్తో చేసిన మొదటిది. అది ఫోటోని తెల్లగా చేయదు, నల్లగా చేయదు. ఉన్నది ఉన్నట్టు 'అసలు'లో దాస్తుంది, అంతే.

ఎల్లేశం వచ్చి చూశాడు. "మంచిగున్నదన్నా, నాకు గూడ పెట్టు. దీని మీద పేరు రాయలేదేంది?"

"ఉండనియ్యి" అన్నాడు జైపాల్.