నర్సమ్మ ‘క్రిక్’ అంటే

నర్సమ్మ పోయిందని ఆదివారం పొద్దున మదనపల్లె ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. పుంగనూరులో మా పక్కిల్లే ఆమెది. వినగానే మా అమ్మాయి నా ఒళ్ళోకి రాలేదు, పరిగెత్తి ఆమె అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ గడియలోనూ నాకు కుళ్ళే. మీరే చెప్పండి, ఏ తల్లికి మండదు?

ఆమె సొంతూరు కుప్పం. వయసులో ఉండగా నర్సు పనికని కరీబియన్ దీవులకు వెళ్ళి, తిరిగొస్తూ అక్కడి కథలు మోసుకొచ్చింది. సాయంత్రమైతే వీధి పిల్లలంతా ఆ అరుగు మీదే. ఆమె ‘క్రిక్’ అనేది. పిల్లలు ‘క్రాక్’ అని పలికితేనే కథ మొదలు. అది ఆ దీవుల వాళ్ళ పద్ధతట.

ఏం కథలవి! పులికి కళ్ళెం వేసి ఎక్కి తిరిగే సాలీడు. పాదాలు వెనక్కి తిరిగిన పిల్లలు. చీకటి పడగానే ఒంటి చర్మం విప్పి రోట్లో దాచి, నిప్పుముద్దయి ఎగిరిపోయే ముసలమ్మ. గుమ్మంలో బియ్యం చల్లితే గింజగింజా లెక్కపెట్టనిదే ఆమె లోపలికి రాలేదట. దాచిన చర్మానికి ఉప్పూ కారమూ తగిలితే మళ్ళీ తొడుక్కోలేదట. అది విని మా అమ్మాయి గుమ్మం నిండా బియ్యం చల్లింది, నా రోట్లో ఉప్పూ కారమూ పోసింది. రోలు కడుగుతూ నర్సమ్మను కసితీరా తిట్టుకున్నాను.

నాకు మాత్రం కథలు రావా? మా అమ్మ చెప్పిన గుర్రంకొండ కోట కథ మొదలుపెడితే, నా కూతురు రెండు మాటలకే ఆవులించింది.

ఒకరోజు దాన్ని పిలుచుకు రావడానికి వెళ్తే నర్సమ్మ కథ ఆపి నావైపు తిరిగింది.

“నువ్వూ ‘క్రాక్’ అనుమా. వినేటోళ్ళు పలక్కపోతే కథ ఆడనే నిలిచిపోతాది.”

నేను మూతి బిగించుకుని నిలబడ్డాను. ఆ తర్వాతా ఎన్నడూ పలకలేదు. అలాగని వంటింటి కిటికీ మూసిందీ లేదు. సాలీడు సంగతి చివరిదాకా వినందే పొయ్యి దగ్గర చెయ్యి ఆడేది కాదు. నాకు జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తూ పక్కనే కూర్చున్నదీ ఆమే. అంత మంచిది కాకపోయుంటే హాయిగా అసహ్యించుకునేదాన్ని.

సాయంత్రం ఆమెను తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. కుప్పం నుంచి తమ్ముడు రావాలి. పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మా అమ్మాయి ఆమె తల దగ్గర కూర్చుని మెల్లగా ‘క్రిక్’ అంది. పిల్లలంతా నర్సమ్మ ముఖం వైపే చూశారు.

“క్రాక్” అన్నాను నేను.

అమ్మాయి తలెత్తి, ఇన్నేళ్ళూ నర్సమ్మను చూసిన చూపుతో నన్ను చూసింది. ఆపైన కాస్త జరిగి, ఆమెకూ తనకూ మధ్య నాకు చోటిచ్చింది.