జేజి నడిచిన అరుగులు

ఎండకు కాగిన బండమీద నీళ్లు పడితే లేచే వాసన మార్కాపురంలో పెరిగినవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. పోయిన నెల మా గేటు బయట మేస్త్రి బండ పరిచి నీళ్లు చల్లుతుంటే, నేను మూడో తరగతి చదివిన రోజులు, మా పాత వీధి గుర్తొచ్చాయి.

ఆ వీధిలో ప్రతి ఇంటికీ బండల అరుగు ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు పెద్దవాళ్లు వాటిమీద వేరుశెనక్కాయలు ఒలుస్తూ కబుర్లాడుకుంటుంటే, మేం సుద్దతో గళ్లు గీసి చింతగింజలతో బారాకట్ట ఆడుతూ, ఓడినవాళ్లు వీధి చివర చర్చి గేటు ముట్టుకొని రావాలనే పందెంతో పొద్దుగూకేదాకా పరుగులు పెట్టేవాళ్లం.

నాయన వాళ్లమ్మను జేజి అని పిలిచేవాళ్లం. పలకల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి రాళ్లు మోసిన మనిషి. ఆ ఏడాది వానలకు ముందు ఆమెకు ఎడమవైపు పక్షవాతం వచ్చింది. నడవకపోతే ఇక మంచంలోనే అని డాక్టరు చెప్పినా జేజి గడప దాటలేదు. నలుగురి ముందు పడిపోతానని భయం. చివరికి ఎదురింటి రంగమ్మత్త వచ్చి, "మా అరుగు దాకా రా పిన్నమ్మా, చాలు" అంది. జేజి ఒక చేత కర్ర పట్టుకొని, రెండో చెయ్యి నా భుజమ్మీద వేసి, వీధి దాటి ఆ అరుగుమీద కూలబడింది. పదకొండు అడుగులు, నేను లెక్కపెట్టాను.

వారానికి మూడో అరుగు చేరాం. నాలుగోది మరియమ్మది. వీధి కుళాయి దగ్గర గొడవపడి రెండేళ్లుగా ఆమెకూ జేజికీ మాటల్లేవు. అక్కడ కూర్చోకుండా ఐదో ఇల్లు చేరలేదు, కూర్చోవడానికి మనసొప్పదు. నాలుగు రోజులు అక్కణ్నుంచే వెనక్కి తిరిగాం. ఐదో రోజు మేం వచ్చేసరికి ఆ అరుగుమీద మడిచిన గోతం, చెంబుతో నీళ్లు ఉన్నాయి.

"రాయి కాలతా ఉంటది, గోతమ్మీద కూచో వదినా" అని లోపల్నుంచి మాట మాత్రం వినిపించింది.

జేజి కర్రను గోడకు ఆనించింది. తర్వాత కూర్చొని, నీళ్లు తాగి, "గోడకు సిమెంటు బాగా మెత్తించినావే" అంది. మరియమ్మ బయటికొచ్చింది. ఆ క్రిస్మస్‌కు జేజి అరుగు అరుగునా ఆగుతూ చర్చిదాకా తన కాళ్లమీదే పోయింది.

ఇప్పుడు జేజి లేదు. సిమెంటు రోడ్డు, కాలువలు వచ్చినప్పుడు ఆ అరుగులన్నీ కొట్టేశారు. మేమున్న కొత్త కాలనీలో ప్రహరీలూ, బండ్లు ఎక్కించే వాలు గచ్చులే తప్ప కూర్చునే చోటు లేదు. షుగరున్న అమ్మ నడవాలని బయల్దేరి, మోకాళ్లు నొప్పిపుట్టి మొదటి మలుపులోనే తిరిగొచ్చేది. అందుకే గేటు బయట కూర్చోవడానికి ఆ బండ వేయించాను. అడిగితే మరో రెండిళ్లవాళ్లూ వేయించారు.

నిన్న సాయంత్రం అమ్మ ఎంతకీ రాకపోతే వెతుక్కుంటూ పోయాను. మూడో బండమీద, నేనెప్పుడూ మాట్లాడని ఇద్దరు ఆడవాళ్ల మధ్య కూర్చొని ఉంది.

"నువ్వు పోయి ఎసరు పెట్టు. నేను ఆ చివరిదాకా పోయొస్తా" అంది.

ఈ కాలనీకి వచ్చి మూడేళ్లయింది. ఆ చివర ఏముందో అమ్మ ఇంతవరకూ చూడలేదు.